నిండిపోయిన రాత్రి ఏం జరిగింది? లాంబెత్ కేజువల్ వార్డు, 1866: కేస్ స్టడీ

నిరాశ్రయుల షెల్టర్లు నడిపేవాళ్లు, వాటిని తనిఖీ చేసేవాళ్లు లండన్‌లోని లాంబెత్ వర్క్‌హౌస్ (పని చేయించుకుని పేదలకు ఆశ్రయమిచ్చే చోటు) కేసును తప్పకుండా చదవాలి. అక్కడ చట్టం ఉంది. ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. వచ్చినవాడికి స్నానం, పక్క, తిండి ఇవ్వాలన్న నియమం ఉంది. ఇన్ని ఉండి కూడా 1866 జనవరిలో మనుషుల్ని రాతి నేల మీద, ఒకవైపు గోడే లేని షెడ్డులో పడుకోబెట్టారు. ఏ మెట్టు దగ్గర ఏది ఎందుకు జారిపోయిందో చూడటమే ఈ కేసులో మన పని.

వ్యవస్థ ఎలా ఉండేది

1834 పూర్ లా (పేదల సహాయ చట్టం) సవరణ చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లోని పారిష్‌లను, అంటే చర్చి పరిధి ప్రకారం ఏర్పడిన స్థానిక ప్రాంతాలను, యూనియన్లుగా కలిపారు. ఒక్కో యూనియన్‌కు ఎన్నికైన గార్డియన్ల బోర్డు ఉండేది. ఖర్చంతా స్థానికులు కట్టే పన్ను నుంచే. వర్క్‌హౌస్ లోపలి బతుకు బయట అతి పేద కూలీ బతుకు కంటే మెరుగ్గా కనిపించకూడదన్నది మూల సూత్రం. తర్వాత వచ్చిన ప్రతి అన్యాయానికీ వేరు ఇక్కడే ఉంది.

వర్క్‌హౌస్‌లో స్థిరంగా ఉండే పేదలు ఒక వర్గం. పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవాళ్లు, ఒక్క రాత్రి తల దాచుకోవడానికి వచ్చేవాళ్లు ఇంకో వర్గం. ఈ రెండో వర్గానికి ప్రధాన భవనానికి దూరంగా, సాధారణంగా గేటు పక్కన కట్టినవే కేజువల్ వార్డులు. తిండి, పక్క ఇచ్చినందుకు బదులుగా పొద్దున పని చేయాలి. ఆ పని మనిషి వయసుకు, బలానికి, శక్తికి తగ్గట్టు ఉండాలని, టిఫిన్ తర్వాత 4 గంటలకు మించి నిలిపి ఉంచకూడదని 1842 చట్టం చెప్పింది.

లండన్‌లో సమస్య ఎక్కడొచ్చిందంటే, ఏ యూనియన్ వార్డు కాస్త మెరుగ్గా ఉంటే జనం అక్కడికే వెళ్లేవారు, ఆ ఖర్చు అక్కడి పన్నుదారుల మీద పడేది. దాంతో ప్రతి యూనియన్ పక్క యూనియన్ కంటే కఠినంగా ఉండటానికి పోటీ పడింది. గేటు దగ్గరే వెనక్కి పంపేయడం మామూలైపోయింది. దీన్ని సరిచేయడానికే 1864లో మెట్రోపాలిటన్ హౌస్‌లెస్ పూర్ చట్టం వచ్చింది, 1865లో శాశ్వతమైంది. నిరాశ్రయుల రాత్రి ఆశ్రయానికి అయిన ఖర్చును నగరమంతటి నిధి నుంచి మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే లండన్ నగర సంస్థ తిరిగి ఇస్తుంది. వార్డును పూర్ లా ఇన్‌స్పెక్టర్ చూసి ఆమోదించాలి.

ఇది మంచి చట్టమే. గేటు తెరిపించింది. కానీ గేటు తెరిస్తే లోపల ఎంతమంది పడతారన్న లెక్కను గార్డియన్లకే వదిలేసింది.

ఆ రాత్రి దొరికిన ఆధారం

1866 జనవరిలో జేమ్స్ గ్రీన్‌వుడ్ అనే విలేకరి చిరిగిన బట్టలు వేసుకుని లాంబెత్ కేజువల్ వార్డులో ఒక రాత్రి గడిపాడు. ఆయన అన్న ఫ్రెడరిక్ సంపాదకుడిగా ఉన్న పాల్ మాల్ గెజెట్ ఆ కథనాన్ని భాగాలుగా అచ్చేసింది. లండన్ అంతా దాని గురించే మాట్లాడుకుంది. కథనంలో ఉద్వేగం చాలా ఉంది. దాన్ని పక్కనబెట్టి భౌతిక వివరాలు మాత్రమే తీసుకుంటే ఇవి మిగులుతాయి.

స్నానానికి మూడు పెద్ద తొట్లు. వచ్చినవాళ్లంతా అవే నీళ్లలో దిగాలి. నీళ్లు పల్చటి మాంసం పులుసులా తయారయ్యాయి. సొంత బట్టలు మూట కట్టి తీసుకుని, ఒక చొక్కా, ఒక కంబళి లాంటి దుప్పటి ఇచ్చారు. చలికాలం రాత్రి చెప్పుల్లేకుండా ఆరుబయట నడిచి షెడ్డుకు చేరాలి. షెడ్డు సుమారు 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మూడు వైపులా సున్నం కొట్టిన గోడలు, పైన లోకప్పు లేని పెంకులు, నాలుగో వైపు కాన్వాసు గుడ్డ, కింద రాతి పలకలు. పడుకోవడానికి గడ్డి కుక్కిన ఇరుకు సంచులు. ఒక సంచి మీద రక్తపు మరక ఉంది. తాగడానికి అందరికీ కలిపి ఒకే బకెట్, ఒకే గ్లాసు. చలికి తట్టుకోలేక ఇద్దరు ముగ్గురు సంచులు దగ్గరకు లాక్కుని, దుప్పట్లన్నీ కలిపి కప్పుకుని పడుకున్నారు. పిల్లలు, పెద్దవాళ్లు ఒకేచోట. తలుపు వేశాక లోపల బాధ్యత గల ఉద్యోగి ఎవరూ లేరు. పొద్దున అదే షెడ్డులో పిండి మరను నడిపే పిడి (క్రాంకు) తిప్పించారు.

చివరి మాటే ఈ కేసుకు తాళంచెవి. జనం పడుకున్నది పడుకోవడానికి కట్టిన వార్డులో కాదు, పని చేయించే షెడ్డులో. రద్దీ రాత్రి పక్కలు చాలకపోతే మిగిలినవాళ్లను అక్కడికి తోశారు. ఇన్‌స్పెక్టర్ ఆమోదం ఒక గదికి ఉంటుంది, మనుషులు ఇంకో గదిలో పడుకుంటారు. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా షెల్టర్ ముందుగా చెడేది ఇలాగే. 50 మంది వచ్చిన రోజు బాగున్న షెల్టర్ 51వ మనిషికి ఏం చేసిందో చూస్తేనే దాని అసలు స్థాయి తెలుస్తుంది.

ఏది ఎందుకు పాడైంది

ముందు స్థలం. 30 అడుగులకు 30 అడుగులంటే 900 చదరపు అడుగులు. మన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ షెల్టర్ మార్గదర్శకాలు మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలన్నాయి, అంటే ఆ షెడ్డులో 18 మంది. విపత్తు శిబిరాలకు అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్లు. ఆ లెక్కన 23 మంది. గ్రీన్‌వుడ్ చూసింది 30 మందికి పైగా. పక్కల మధ్య నడిచే దారి పోయిందంటే రాత్రి ఒకడు లేచి మూత్రానికి వెళ్లాలన్నా పదిమందిని తొక్కుకుంటూ వెళ్లాలి. వెళ్లడు. మురికి అక్కడి నుంచి మొదలవుతుంది. దాన్ని మనుషుల అలవాటు కింద రాస్తారు, నిజానికి అది ప్లాన్‌లోనే ఉన్న తప్పు.

స్నానం నీళ్ల సంగతి ఇంకా లోతుగా చూడాలి, ఎందుకంటే ఇదే తప్పు ఇప్పటికీ జరుగుతోంది. పెద్ద తొట్టి ఒకసారి నింపాలంటే 150 లీటర్లకు తక్కువ పట్టదు. 30 మందికి ప్రతిసారీ మార్చాలంటే 4,500 లీటర్లు కాచాలి, మోయాలి, పారబోయాలి. ఆ పని చేసేది జీతం లేని ఒక ముసలి మనిషి, అతనూ ఆ వర్క్‌హౌస్ పేదవాడే. నీళ్లు మార్చలేదంటే అతని దుర్మార్గం కాదు. అతనికి బొగ్గూ లేదు, చేతులూ లేవు, సమయమూ లేదు. తొట్టి స్నానం అనే పద్ధతి ఎంచుకున్నప్పుడే ఫలితం ఖాయమైపోయింది.

మన దగ్గర బకెట్, మగ్గు పద్ధతి ఈ విషయంలో చాలా మేలు. ఒకరి నీళ్లు ఒకరికి అంటవు. కానీ వేడినీళ్ల లెక్క మాత్రం ఎవరూ వేయరు. 50 మందికి మనిషికి 15 లీటర్ల చొప్పున 750 లీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలున్న నీళ్లను 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 17.5 యూనిట్ల కరెంటు కావాలి. షెల్టర్‌లో సాధారణంగా ఉండేది 2 కిలోవాట్ల గీజర్ ఒకటి. అది ఆగకుండా నడిచినా దాదాపు 9 గంటలు పడుతుంది. అంటే మొదటి కొద్దిమందికే వేడినీళ్లు, తర్వాతివాళ్లకు చన్నీళ్లు, వాళ్లు స్నానం మానేస్తారు. క్రమంగా చర్మ సమస్యలు పెరుగుతాయి. పరిష్కారం రెండు రకాలు: కనీసం 500 లీటర్ల సోలార్ హీటర్ పెట్టి రాత్రి 6 నుంచి 9 మధ్య స్నానాలు చేయించడం, లేదా కట్టెల బాయిలర్. గీజర్ల సంఖ్య పెంచుకుంటూ పోతే మీటరు లోడు సరిపోక ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది.

బట్టల మూటలది మరో కథ. పేలు, నల్లులు చావాలని కేజువల్ వార్డుల్లో బట్టలను వేడి గదిలో పెట్టి బాగా వేడెక్కించేవారు. ఆలోచన సరైనదే, 55 డిగ్రీల పైన కొంతసేపు ఉంచితే పేలు, వాటి గుడ్లు రెండూ చస్తాయి. కానీ గట్టిగా బిగించి కట్టిన మూట లోపలికి పొడి వేడి చేరదు. బయటి మడత కమిలిపోతుంది, లోపలి మడతలో పురుగు బతికే ఉంటుంది. పైగా పొద్దున ఆ బట్టలు నలిగి, ముడతలుపడి చేతికొస్తాయి. ఆ చొక్కా చూడగానే ఎక్కడ పడుకుని వచ్చాడో పని ఇచ్చేవాడికి తెలిసిపోతుంది. శుభ్రత పేరుతో చేసిన పని ఆ మనిషి ఆ రోజు కూలిని పోగొట్టింది.

రాత్రి కాపలా లేకపోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తలుపు బయట తాళం వేసి లోపల బాధ్యత ఎవరికీ ఇవ్వకపోతే, బలమున్నవాడిదే వార్డు అవుతుంది. పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి పడుకోబెట్టడాన్ని ఏ కారణంతోనూ సమర్థించలేం.

దిద్దుబాటు తప్పు దారి పట్టింది

కథనం బయటికొచ్చాక సంస్కరణలు జరిగాయి. 1867 మెట్రోపాలిటన్ పూర్ చట్టం నగరమంతటికీ ఉమ్మడి నిధి పెట్టింది, రోగులకు వేరే ఆసుపత్రులు కట్టే దారి తెరిచింది. అది గొప్ప అడుగు. కేజువల్ వార్డుల విషయంలో మాత్రం దిద్దుబాటు వేరే వైపు వెళ్లింది. గుంపుగా పడుకోవడమే సమస్య అనుకుని విడివిడి గదులు కట్టడం మొదలుపెట్టారు. ఒక్కో గది ఒక మనిషి పడుకునేంత. దాని వెనకే రాళ్లు కొట్టే చిన్న గది. ఆ గది గోడలో ఇనుప జల్లెడ. కొట్టిన రాయి ఆ రంధ్రాల్లోంచి బయటికి పడేంత చిన్నదైతేనే పని అయినట్టు. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో 1906లో కట్టిన ఇలాంటి వార్డు, రిపన్ వర్క్‌హౌస్‌లోని గదులు ఇప్పటికీ చూడొచ్చు.

మురికి తగ్గింది, రద్దీ తగ్గింది, కఠినత్వం పెరిగింది. 1871 చట్టం ప్రకారం పని పూర్తి చేసినా మర్నాడు 11 గంటల లోపు బయటికి వదలరు. 1882 కేజువల్ పూర్ చట్టం దాన్ని రెండు రాత్రులకు పెంచింది, వచ్చిన రోజు తర్వాత రెండో రోజు పొద్దున 9కి గానీ వదలరు. నెలలో మళ్లీ అదే చోటికొస్తే నాలుగో రోజు దాకా ఉంచుతారు. ఆ ఏడాది నియమాల్లో రోజంతా ఉంచిన మగవాడికి పని ఇది: 7 నుంచి 13 హండ్రెడ్‌వెయిట్ రాళ్లు కొట్టడం, అంటే సుమారు 355 నుంచి 660 కిలోలు. లేదా 4 పౌండ్ల పాత ఓడ తాడును చేత్తో పోగు పోగుగా విప్పి నార తీయడం. తారు పట్టి గట్టిపడిన తాడు అది. అలవాటు లేనివాడికి మొదటి గంటలోనే వేలి కొసలు చీలిపోతాయి, తర్వాత పని నడవదు.

దీనికి తిండి పూటకు 8 ఔన్సుల రొట్టె, మధ్యాహ్నం ఒకటిన్నర ఔన్సు జున్ను. ఇప్పటి పోషకాహార పట్టికలతో లెక్కేస్తే రోజుకు సుమారు 1,800 కిలోకేలరీలు. రాళ్లు కొట్టే మనిషికి 3,000 పైన కావాలి. రోజూ వెయ్యికి పైగా లోటు. ఆకలితో వచ్చినవాడు ఇంకా నీరసించి వెళ్తాడు, పక్క ఊరు దాకా నడవలేక మరో వార్డులో చేరతాడు. పని చేయలేకపోతే, చేయనంటే, మేజిస్ట్రేటు ముందుకు, అక్కడి నుంచి జైలుకు. జైలు తిండే మెరుగని కావాలని వార్డులో బట్టలు చింపుకుని జైలుకు వెళ్లినవాళ్ల సంగతి ఆనాటి రికార్డుల్లో ఉంది.

విడుదల సమయం చేసిన నష్టం వీటన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. కూలి దొరికేది తెల్లవారుజామున. 9 గంటలకో 11 గంటలకో బయటపడ్డవాడికి ఆ రోజు పోయినట్టే, రాత్రికి మళ్లీ ఏదో ఒక వార్డు గేటే గతి. పని వెతుక్కునేవాళ్లను పొద్దున్నే వదలాలని 1892లో మార్చడానికి ఇన్నేళ్లు పట్టింది. మన హైదరాబాద్‌లో, విజయవాడలో కూలీల అడ్డా తెల్లవారితే నిండి, ఎండెక్కేసరికి ఖాళీ అవుతుంది. షెల్టర్‌లో టిఫిన్ 8 గంటలకు పెడితే దాన్ని తినేవాడు పని పోగొట్టుకుంటాడు, పనికి పోయేవాడు తిండి పోగొట్టుకుంటాడు. 5 గంటలకు టీ, పొట్లం కట్టిన ఇడ్లీ లేదా ఉప్మా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

ఖాళీ పక్కలను విజయంగా లెక్కించడం

కేజువల్ వార్డుకు వచ్చేవాళ్లు తగ్గితే గార్డియన్లు దాన్ని తమ ఘనతగా రాసుకున్నారు. ఆ తగ్గినవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో రిజిస్టర్‌లో ఉండదు. భయపెట్టడమే లక్ష్యమైన సంస్థలో ఖాళీ పక్క మంచి అంకె, దిక్కు చూపించడం లక్ష్యమైన సంస్థలో అదే ఖాళీ పక్క ప్రమాద సూచిక. ఈ తేడా తేలకుండా ఏ తనిఖీ చేసినా వృథా.

భారతదేశంలో ఈ చర్చ 2010లో పదునెక్కింది. పీయూసీఎల్ (పౌరహక్కుల సంఘం) వేసిన కేసులో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక షెల్టర్ ఉండాలని చెప్పింది. తర్వాత జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు 100 మందికి సరిపడా శాశ్వత షెల్టర్లు, ఏడాది పొడవునా, 24 గంటలూ అన్నాయి. 2016లో సుప్రీంకోర్టే జస్టిస్ కైలాస్ గంభీర్ కమిటీని వేసి అమలును పరిశీలించమంది. ఇంకోవైపు, 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు భిక్షాటనను నిషేధించి, పట్టుకున్నవాళ్లను జైలు ఆవరణలోని ఆనందాశ్రమానికి తరలించారు. ఆశ్రయాన్నీ నిర్బంధాన్నీ కలిపిన ఆలోచన ఎంత గట్టిగా మిగిలి ఉందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. ఒకసారి అలా తీసుకెళ్లినవాడు తర్వాత చలి ఎంతున్నా మామూలు షెల్టర్ మెట్లు కూడా ఎక్కడు.

రద్దీ రాత్రికి పద్ధతి

లాంబెత్ నుంచి నేరుగా వచ్చే పని ఇదే కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాం. 900 చదరపు అడుగుల హాలును ఉదాహరణగా తీసుకుందాం.

గోడ మీద రెండు అంకెలు పెయింట్‌తో రాయాలి. మామూలు రోజు 18, రద్దీ రోజు 23. మూడో అంకె ఉండదు. 19 నుంచి 23 వరకు వచ్చేవాళ్లకు ఐదు చాపలు, ఐదు పరుపులు, పది దుప్పట్లు ఉతికి, ప్లాస్టిక్ సంచిలో సీల్ చేసి, తాళం కేర్‌టేకర్ దగ్గర ఉండాలి. ఈ సంచి సీలు తేదీ చూస్తే ఆ షెల్టర్ రద్దీని ఎలా చూస్తోందో సగం తెలుస్తుంది. వరండా, మెట్ల కింద, వంటగది, స్టోర్ రూమ్ పడుకునే చోట్లు కావు. అక్కడ ఒక్క రాత్రి వేసిన పక్క వారంలో శాశ్వతమవుతుంది.

24వ మనిషి వస్తే వెనక్కి పంపకూడదు, ఇరికించకూడదు. దగ్గరి మరో షెల్టర్‌తో ముందే ఒప్పందం, ఆటో ఖర్చుకు చేతిలో నగదు, రాత్రి ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఫోన్ చేసి పక్క ఉందని ఖాయం చేసుకున్నాకే పంపాలి. మనిషి అక్కడికి చేరాడని తిరిగి ఫోన్ రావాలి. ఒంటరి మహిళలు, పిల్లలతో ఉన్న కుటుంబాలకు వేరే షెల్టర్ పేరు ముందే తేలి ఉండాలి. భార్యాభర్తలను విడదీసే షెల్టర్‌కు కుటుంబాలు రావు, ఫుట్‌పాత్ మీదే ఉంటాయి. వర్క్‌హౌస్‌లోనూ అదే జరిగింది.

రద్దీ రోజు పక్కలు తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు వచ్చేలా మార్చి వేయాలి. దగ్గు తుంపర్లు నేరుగా మొహం మీద పడవు. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవాడిని కిటికీ పక్కన పడుకోబెట్టి, మర్నాడే కళ్లె పరీక్షకు పంపాలి. చలి అని కిటికీలన్నీ బిగిస్తే క్షయ ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుంది. గాలి వదిలి దుప్పటి ఇంకొకటి ఇవ్వాలి.

గజ్జి కనిపిస్తే ఒక్కడికి మందు పూసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. ఆ గదిలో పడుకునేవాళ్లందరికీ ఒకే రాత్రి 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్, మెడ నుంచి కాళ్ల దాకా, గోళ్ల సందుల్లో కూడా, 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేయాలి. వారం తర్వాత రెండోసారి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి గాలి చొరబడని సంచిలో కట్టి వారం పక్కనపెట్టాలి. ఎక్కువగా తప్పు జరిగేది రెండోసారి దగ్గర. ఆ తేదీని మొదటి రోజే రిజిస్టర్‌లో రాసిపెట్టాలి.

తనిఖీ చేసేవాళ్లకు

పగలు 11కి వెళ్తే కనిపించేది ఊడ్చిన నేల, మడతపెట్టిన దుప్పట్లు. రాత్రి 11 తర్వాత, చెప్పకుండా, వాన పడే రోజు లేదా బాగా చలి ఉన్న రోజు వెళ్లాలి. మొదట రిజిస్టర్ అడగవద్దు. తలలు లెక్కపెట్టి, తర్వాత రిజిస్టర్ చూడాలి. నెలంతా సరిగ్గా ఒకే అంకె ఉంటే అది లెక్కపెట్టిన అంకె కాదు, రాసుకున్న అంకె. ఏదో ఒక దుప్పటి మధ్యలోంచి తీసి చూడాలి, పైది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. నల్లులకు పరుపు కుట్టు దగ్గర, మంచం కోడు కీలు దగ్గర సెల్‌ఫోన్ టార్చ్ వేసి నల్లటి చుక్కలు వెతకాలి. కుళాయి తిప్పి చూడాలి. 20 మందికి ఒక మరుగుదొడ్డి వాడకంలో ఉందా, లేక ఒకటి స్టోర్ రూమ్ అయిందా చూడాలి.

అక్కడి నుంచి బయటికొచ్చి, షెల్టర్ చుట్టూ అరకిలోమీటరు నడవాలి. బస్టాండ్ దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర, ఫ్లైఓవర్ కింద పడుకున్నవాళ్లను, పక్కనే షెల్టర్ ఉంది కదా, ఎందుకు వెళ్లలేదని అడగాలి. సామాను పోతుందని ఒకరు అంటారు. తోపుడుబండి బయట పెట్టనివ్వరని ఒకరు. ఆధార్ అడుగుతారని, తాగి వస్తే తోసేస్తారని, నల్లులని, భార్యను వేరే చోట పెడతారని. ఈ జవాబులను తనిఖీ నివేదిక మొదటి పేజీలో, వాళ్ల మాటల్లోనే, పేర్లు లేకుండా రాయాలి. ప్రతి జవాబు ఎదురుగా ఎవరు, ఏ తేదీ లోపు, ఎంత ఖర్చుతో సరిచేస్తారో రాసి, తర్వాతి రాత్రి తనిఖీకి ఆ కాగితం పట్టుకునే వెళ్లాలి.